బిల్ విల్సన్

విలియం గ్రిఫిత్ విల్సన్ (నవంబర్ 26, 1895 - జనవరి 24, 1971) మద్యవ్యసనపరుల పరస్పర సహాయ సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఎ.ఎ.) వ్యవస్థాపకులిద్దరిలో ఒకడు. అమెరికా దేశస్థుడు. సభ్యుల పూర్తి పేర్లు ప్రకటించరాదన్న సంఘ సంప్రదాయం వలన బిల్ డబ్ల్యు. అనే పేరుతో ప్రసిద్ధుడయ్యాడు.

బాల్యం

ఈయన వెర్మాంట్ రాష్ట్రంలోని ఈస్ట్ డోర్సెట్‌లో జన్మించాడు. బాల్యంలోనే తల్లిదండ్రులు విడిపోవడంతో మాతామహుల ఇంట పెరిగాడు. 1912లో తాను ప్రేమించిన సహాధ్యాయిని శస్త్రచికిత్స అనంతరం మరణించగా తీవ్రమైన మనోవ్యాకులతకు లోనయ్యాడు. ఈ బాధ తరువాతి జీవితంలోనూ ఆయనను వెన్నాడింది.

వ్యసనం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికాధికారిగా ఉన్నప్పుడు ఒక విందులో మద్యం రుచి చూశాడు. బిడియస్తుడైన ఆ యువకునికి అది నలుగురిలో కలిసే చొరవనిచ్చింది. 1918 జనవరి 24న లోయిస్ బర్న్‌హామ్‌ను వివాహమాడాడు. యుద్ధానంతరం న్యూయార్క్ వాల్‌స్ట్రీట్‌లో షేర్ల విశ్లేషకుడిగా పేరు తెచ్చుకున్నాడు. 1925లో భార్యతో కలిసి మోటారుసైకిలుపై ఊరూరా తిరిగి కంపెనీల స్థితిగతులను పరిశీలించాడు. 1929 షేర్ మార్కెట్ పతనంలో సంపద పోయింది, తాగుడు మాత్రం పెరిగింది. లోయిస్ దుకాణంలో ఉద్యోగం చేసి సంసారం నడిపింది.

మార్పు

1933-34లలో టౌన్స్ ఆసుపత్రిలో నాలుగుసార్లు చేరాడు. అక్కడి వైద్యుడు విలియం సిల్క్‌వర్త్ తాగుడును నైతిక లోపంగా కాక వ్యాధిగా పరిగణించేవాడు. 1934 నవంబరులో, పూర్వం తనతో తాగిన మిత్రుడు ఎబీ థాచర్, ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సమాజం ప్రభావంతో తాగుడు మాని ఈయనను కలిశాడు. డిసెంబర్ 11న చివరిసారి ఆసుపత్రిలో చేరిన విల్సన్, అక్కడ గొప్ప ఆధ్యాత్మికానుభూతి పొందినట్లు చెప్పాడు. అది చికిత్సలో ఇచ్చిన బెల్లడోనా ప్రభావమని కొందరి అభిప్రాయం. ఏమైనా ఆయన మరల మద్యం ముట్టలేదు.

ఆక్రన్ సంఘటన

తరువాతి నెలలలో ఎందరో తాగుబోతులకు బోధించినా ఒక్కరూ మారలేదు. 1935 మే నెలలో ఒహైయో రాష్ట్రంలోని ఆక్రన్‌కు వ్యాపారం పనిపై వెళ్లి విఫలుడయ్యాడు. హోటలులో ఒంటరిగా ఉన్నప్పుడు అక్కడి బారు ఆయనను ఆకర్షించింది. అందులోకి వెళ్లక, చర్చిలకు ఫోను చేసి, తాను మాట్లాడదగిన తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని విచారించాడు. ఆ విధంగా మే 12న శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్ పరిచయమయ్యాడు. పావుగంటకు మించి ఉండనని వచ్చిన స్మిత్ గంటల తరబడి కూర్చున్నాడు. విల్సన్ ఈసారి బోధించలేదు. తన కథ చెప్పుకున్నాడు. స్మిత్ ఒకసారి మళ్లీ తాగినా, జూన్ 10న శాశ్వతంగా మానివేశాడు. ఆ రోజునే ఎ.ఎ. స్థాపన దినంగా పాటిస్తారు.

సంఘ విస్తరణ

1939లో వెలువడిన గ్రంథంలో విల్సన్ ప్రసిద్ధమైన పన్నెండు సోపానాలను వివరించాడు. తన అశక్తతను అంగీకరించడం, చేసిన తప్పులను సరిదిద్దుకోవడం, ఇతరులకు తోడ్పడడం వాటి సారాంశం. 1951లో లోయిస్, తాగుబోతుల కుటుంబాల కోసం ఏర్పడిన అల్-అనాన్ స్థాపకులలో ఒకరైంది. 1953లో మాదకద్రవ్య వ్యసనపరుల కోసం ఏర్పడిన నార్కోటిక్స్ అనానిమస్ కూడా ఈ సోపానాలనే అనుసరించింది. 1955లో విల్సన్ సంఘ బాధ్యతలను సభ్యుల ప్రతినిధులకు అప్పగించాడు.

చివరి దశ

మద్యాన్ని జయించిన విల్సన్ పొగతాగడాన్ని చాలాకాలం మానలేకపోయాడు. ఊపిరితిత్తుల వ్యాధితో తన 53వ వివాహ వార్షికోత్సవం నాడు మయామీలో మరణించాడు. చివరి రోజులలో విస్కీ అడిగినట్లు నర్సుల నమోదులలో ఉంది, అది ఇవ్వలేదు. అప్పటికి ఆయన మద్యం మాని 36 సంవత్సరాలు దాటింది.