స్పర్శచే విద్య గడించిన లారా బ్రిడ్జ్‌మన్

విద్య మనుజుని మనస్సున ప్రవేశించుటకు ముఖ్యముగా రెండు వాకిండ్లు కలవు. ఒకటి కన్ను, రెండవది చెవి. కన్ను లేనివానికి చెవి తోడ్పడును; చెవి లేనివానికి కన్ను తోడ్పడును. ఆ రెండును మూసికొనిపోయిన బిడ్డకు అక్షరమెట్లు చేరును? పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లండు దేశపు న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ రచించిన గ్రంథమునందు, పుట్టుకతోనే చూపు, వినికిడి, మాట లేనివానిని బుద్ధిహీనునితో సమానముగా చట్టము ఎంచునని వ్రాయబడియున్నది. ఆ తీర్పు తప్పని లోకమునకు చాటి చూపినది ఒక రైతుబిడ్డ. ఆమెయే లారా బ్రిడ్జ్‌మన్.

లారా 1829వ సంవత్సరము డిశంబరు 21వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున, హానోవర్ గ్రామప్రాంతమున జన్మించెను. తండ్రి డేనియల్ వ్యవసాయదారుడు. తల్లి పేరు హార్మనీ. ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలీ అంధులకై తాను కల్పించిన చుక్కల లిపిని గ్రంథరూపమున ప్రకటించినదియు ఆ సంవత్సరమే. లారాకు రెండేండ్లు నిండిన పిమ్మట స్కార్లెట్ జ్వరము ఆ ఇంట ప్రవేశించెను. అక్కలిద్దరు ఆ జ్వరమునకు బలియైరి. లారా ప్రాణములతో బయటపడెను గాని ఆమె చూపును, వినికిడియు నశించెను. వాసన, రుచి తెలియు శక్తియు చాలవఱకు పోయెను. అంతకుముందు నేర్చిన కొలది మాటలును మఱుగుపడెను. మిగిలినది స్పర్శ ఒక్కటియే.

అయినను ఆ పసిదాని బుద్ధి నిద్రింపలేదు. తల్లి వెంట ఇల్లంతయు తిరుగుచు, ఆమె చేతులను తడవి, వాని కదలికలను అనుకరించుచు కుట్టుపనియు, అల్లికయు కొంత నేర్చెను. ముందుకు త్రోసిన పొమ్మనియు, దగ్గఱకు లాగిన రమ్మనియు గ్రహించుచుండెను. ఆసా టెన్నీ అను దయాళువు ఆమెను చేయిపట్టుకొని పొలములవెంట త్రిప్పుచు, సంజ్ఞలతో వినోదము కలిగించుచుండెను. కాని వయస్సు పెరిగినకొలది మనస్సులోని కోరికలు పెరిగెను. వానిని తెలుపు సాధనము మాత్రము పెరుగలేదు.

బోస్టన్ నగరమున అంధవిద్యాలయమునకు అధిపతియైన శామ్యూల్ గ్రిడ్లీ హౌ ఆ కాలమున ఈ బాలికనుగూర్చి వినెను. ఆయన 1801లో జన్మించి, వైద్యవిద్య నభ్యసించి, గ్రీకు దేశపు స్వాతంత్ర్య యుద్ధమునందు సైనికులకు చికిత్స చేసిన సాహసి. 1832లో ఆయన ఆరంభించిన ఆ పాఠశాలయే తరువాత పెర్కిన్స్ సంస్థగా ప్రసిద్ధికెక్కెను. ఆయన హానోవర్ వచ్చి తల్లిదండ్రులను ఒప్పించెను. 1837 అక్టోబరులో, ఎనిమిదవ ఏడు నిండకమునుపే, లారా బోస్టన్ చేరెను.

అంతకు పూర్వమే హార్ట్‌ఫర్డ్ నగరపు బధిర పాఠశాలలో జూలియా బ్రేస్ అను అంధబధిర స్త్రీ కలదు. ఆమె సంజ్ఞలతో తన అవసరములను తెలుపగలిగెడిది. హౌ మఱియొక మార్గమును ఎంచుకొనెను. వస్తువునకొక సంజ్ఞ కల్పించుట సులభమే; కాని అక్షరములు నేర్పినచో వానిని కూర్చి ఎన్ని మాటలనైనను, ఎన్ని భావములనైనను తెలుపవచ్చునని ఆయన తలంచెను.

ఆ బోధన జరిగిన విధమిది. చెంచా, కత్తి, తాళపుచెవి, పుస్తకము మొదలగు నిత్యము చేతికి తగులు వస్తువులపై, వాని పేర్లను ఉబ్బెత్తు అక్షరములతో ముద్రించిన కాగితపు ముక్కలను అతికించిరి. లారా వ్రేళ్లతో ఆ అక్షరములను తడవుచుండెను. పిదప పేర్లు గల ముక్కలను విడిగా ఇయ్యగా, ఏ ముక్క ఏ వస్తువునకు చెందునో దానిపై ఉంచుట నేర్చెను. ఆ తరువాత ఆ పేర్లను అక్షరములుగా విడదీసి కలిపివేసిరి. ఆమె వానిని మరల క్రమమున పేర్చెను. ఇదంతయు మొదట వట్టి అనుకరణమే. వారములు గడచెను. తుదకొకనాడు ఆ గుర్తులు వస్తువులకు పేర్లనియు, వానిచేత తన మనస్సులోని సంగతి ఇతరులకు తెలుపవచ్చుననియు ఆమెకు స్ఫురించెను. ఆ క్షణమున ఆమె ముఖము వికసించుట హౌ కన్నులార చూచెను.

పిమ్మట వ్రేళ్ల అక్షరమాలను నేర్పిరి. ఒంటిచేతి వ్రేళ్లను వేర్వేరు విధముల వంచి అక్షరములను చూపు ఈ పద్ధతిని స్పెయిన్ దేశమున బోనే అనునాతడు 1620లోనే గ్రంథస్థము చేసెను. బధిరులు కంటితో చూచు ఆ అక్షరములను లారా తన అరచేతితో తడవి చదివెను. లిడియా డ్రూ, మేరీ స్విఫ్ట్, సారా వైట్ అను ఉపాధ్యాయినులు ఒకరితరువాత ఒకరు ఓర్పుతో ఆమెకు బోధించిరి. గాడులు గల పలకపై కాగితముంచి పెన్సిలుతో వ్రాయుటయు ఆమె నేర్చి, తల్లికి స్వయముగా జాబు వ్రాసెను. నిద్రలో సయితము ఆమె వ్రేళ్లు కదలుచు మాటలాడుచుండెడివట!

పాఠశాలలో చేరిన కొన్ని మాసములకు తల్లి ఆమెను చూడవచ్చెను. లారా ఆ స్త్రీ చేతులను, వస్త్రములను తడవి, ఎవరో పరాయివారని తొలగిపోయెను. తల్లి దుఃఖమునకు మేర లేకపోయెను. ఇంటినుండి తెచ్చిన పూసలపేరును చేతికియ్యగా లారా సంతోషముతో దానిని మెడలో వేసికొనెను గాని తల్లిని మాత్రము దగ్గఱకు రానీయలేదు. ఇంటి వస్తువు మఱియొకటి చేతబడిన పిమ్మట సందేహము కలిగి, మరల తడవి చూచి, తల్లియని ఎఱిగి, ఆమె ఱొమ్మున వ్రాలెను.

హౌ ప్రకటించిన వార్షిక నివేదికలచే లారా కీర్తి ఖండాంతరములకు ప్రాకెను. 1842లో ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఆమెను దర్శించి, తన అమెరికా యాత్రాగ్రంథమున ఆమె వృత్తాంతమును వ్రాసెను. ప్రదర్శన దినములందు జనులు గుంపులుగా వచ్చుచుండిరి. 1841లో ఆలివర్ కాస్వెల్ అను అంధబధిర బాలుడు ఆ పాఠశాలలో చేరగా, అతనికి అక్షరములు నేర్పుటలో లారాయే సాయపడెను.

అయితే కీర్తి వేఱు, సుఖము వేఱు. మానవుని హృదయమున దైవభావము సహజముగా ఉదయించునని నిరూపించుటకై, లారాకు మతసిద్ధాంతములను ఎవరును బోధింపరాదని హౌ కట్టడి చేసెను. 1843లో ఆయన వివాహమాడి ఐరోపా యాత్రకు పోయెను. ఆ కాలమున ఇతరులు ఆమె ప్రశ్నలకు తమకు తోచిన సమాధానములు చెప్పిరి. తిరిగివచ్చిన హౌ నిరాశపడెను. ఆమెయెడ పూర్వపు ఆసక్తి తగ్గెను. లారా తండ్రివలె భావించిన గురువు దూరమగుట ఆమెకు తీరని వెలితి. ఒక సిద్ధాంతమునకు సాక్ష్యముగా పెంచబడినను, ఆమె సాక్ష్యము మాత్రమే కాదు. తనదైన మనస్సుగల మనిషి. తరువాత ఆమె తన ఇష్టమున బాప్టిస్టు మతశాఖలో చేరెను.

1850లో ఆమె విద్యాభ్యాసము ముగిసెను. స్వగ్రామమునకు పోగా, అచ్చట పనిపాటులలో మునిగియున్నవారికి ఆమె అరచేతిలో మాటలాడు తీరిక లేకపోయెను. అన్నవస్త్రములు కలవు, మాట లేదు. ఆ ఒంటరితనముచే ఆమె కృశించి వ్యాధిగ్రస్తురాలయ్యెను. హౌ, డొరోతియా డిక్స్ అను పరోపకారశీలయు పూనుకొని ధనము సేకరించి, ఆమె జీవితాంతము పాఠశాలయందే నివసించు ఏర్పాటు చేసిరి. అక్కడ ఆమె లేసు అల్లి విక్రయించుచు, అంధబాలికలకు కుట్టుపని నేర్పుచు కాలము గడపెను.

1880లో ఆనీ సలివన్ అను చూపు మందగించిన పేదబాలిక ఆ పాఠశాలలో చేరెను. లారాతో మాటలాడుటకై ఆమె వ్రేళ్ల అక్షరములను నేర్చుకొనెను. అలబామా రాష్ట్రమున హెలెన్ కెల్లర్ తల్లి డికెన్స్ గ్రంథములో లారా వృత్తాంతమును చదివి, తన బిడ్డకును విద్య రాగలదని ఆశపడెను. ఆ ఆశ ఫలముగా 1887 మార్చిలో ఆనీ సలివన్ హెలెన్‌కు గురువై వెళ్లెను. ఆమె కానుకగా తీసికొనిపోయిన బొమ్మకు దుస్తులు కుట్టినది లారాయే. హెలెన్ 1904లో రాడ్‌క్లిఫ్ కళాశాలయందు పట్టభద్రురాలై, 1955లో మన భారతదేశమును కూడ దర్శించెను.

లారా 1889 మే 24వ తేదీన తన 59వ ఏట పరమపదించెను. హెలెన్ కీర్తి వెలుగులో ఆమె పేరు మఱుగుపడినది. కాని మొదటి దీపము లేనిదే రెండవ దీపము వెలుగలేదు. ఒక పుస్తకములో చదివిన కథ ఒక తల్లికి ధైర్యమిచ్చుట, ఆ ధైర్యము ఒక బిడ్డ బ్రతుకును మార్చుట గమనింపదగిన సంగతి. గ్రంథాలయపు బీరువాలోని ఏ పుస్తకము ఏ ఇంటికి వెలుగు చేర్చునో ముందుగా ఎవరు చెప్పగలరు? రెండు కన్నులును, రెండు చెవులును గలవారు, అరచేతితో అక్షరములను పోగుచేసికొన్న ఈ రైతుబిడ్డను తలంచుకొని, పుస్తకమును చేతబట్టుదురు గాక!