జె.ఆర్.ఆర్. టోల్కీన్

జాన్ రోనాల్డ్ రూయెల్ టోల్కీన్ (జనవరి 3, 1892 - సెప్టెంబరు 2, 1973) ప్రముఖ ఆంగ్ల భాషావేత్త, మధ్యయుగ సాహిత్య పండితుడు, నవలా రచయిత. ది హాబిట్, ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ గ్రంథాల ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందినప్పటికీ, వృత్తిరీత్యా ఈయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ప్రాచీన ఆంగ్ల వీరకావ్యమైన బేవుల్ఫ్‌పై ఈయన చేసిన విమర్శ ఆ రంగంలో కొత్త మార్గాన్ని ఏర్పరచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా పనిచేసి, ఆప్తమిత్రులను పోగొట్టుకున్నాడు. కావ్యాలు కీర్తించిన వీరత్వానికీ, యుద్ధరంగంలోని వాస్తవానికీ గల సంబంధం ఈయన రచనలలో తరచుగా కనిపించే అంశం.

బాల్యం, విద్యాభ్యాసం

టోల్కీన్ దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఆర్థర్ అక్కడ బ్యాంకు మేనేజరు. తల్లి పేరు మేబెల్. 1895లో తల్లి ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఇంగ్లండు వచ్చింది. మరుసటి సంవత్సరమే తండ్రి దక్షిణాఫ్రికాలో మరణించాడు. బర్మింగ్‌హామ్ సమీపంలోని సేర్‌హోల్ అనే పల్లెలో బాల్యం కొంతకాలం గడచింది. లాటిన్ భాషలో తొలి పాఠాలు తల్లి వద్దనే నేర్చుకున్నాడు. 1904లో ఆమె మధుమేహంతో మరణించింది. అప్పటికి ఇన్సులిన్ చికిత్స ఇంకా రాలేదు. పన్నెండేళ్ళకే తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన టోల్కీన్‌కు ఫ్రాన్సిస్ మోర్గన్ అనే కాథలిక్ మతగురువు సంరక్షకుడయ్యాడు.

బర్మింగ్‌హామ్‌లోని కింగ్ ఎడ్వర్డ్స్ పాఠశాలలో చదువుతూ ప్రాచీన ఆంగ్లం, గోథిక్ వంటి భాషలపై ఆసక్తి పెంచుకున్నాడు. అక్కడే క్రిస్టఫర్ వైజ్‌మన్, రాబర్ట్ గిల్సన్, జెఫ్రీ బేష్ స్మిత్ ఈయనకు ఆప్తులయ్యారు. ఈ నలుగురూ ముఖ్యులుగా ఏర్పడిన మిత్రమండలికి టి.సి.బి.ఎస్. అని పేరు. 1911లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో ప్రవేశించి మొదట గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదివాడు. 1913లో ఆంగ్ల శాఖకు మారి, 1915లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

యుద్ధరంగంలో

పట్టా పొందగానే లాంకషైర్ ఫ్యూజిలియర్స్ దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. 1916 మార్చి 22న ఎడిత్ బ్రాట్‌ను వివాహమాడాడు. అదే సంవత్సరం జూన్‌లో ఫ్రాన్సుకు వెళ్ళి, తన బెటాలియన్‌లో సంకేత విభాగపు అధికారిగా పనిచేశాడు. టెలిఫోను తీగలు, జెండాలు, దీపాలు, పావురాలు, వార్తాహరుల ద్వారా సందేశాలు చేరవేయించడం ఈ విభాగపు బాధ్యత.

1916 జూలై 1న సొమ్ యుద్ధం మొదలైంది. ఆ ఒక్కరోజే బ్రిటిషు సైన్యంలో 57,000 మందికి పైగా హతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కాగా, వారిలో 19,000 మందికి పైగా మరణించారు. మృతులలో గిల్సన్ ఒకడు. టోల్కీన్ దళం కొద్దిరోజులకు పోరులో దిగింది. అక్టోబరు చివర ఈయనకు పేల ద్వారా వ్యాపించే ట్రెంచ్ ఫీవర్ సోకగా, నవంబరులో ఇంగ్లండుకు పంపివేశారు. డిసెంబరు 3న స్మిత్ ఫిరంగి గుండు గాయాలతో కన్నుమూశాడు. ఆ సంవత్సరం ఆరంభంలో స్మిత్ ఒక రాత్రి గస్తీకి బయలుదేరే ముందు టోల్కీన్‌కు ఉత్తరం రాశాడు. తాను మరణించినా తమ మండలి ఆశయం నశించదని, తాను చెప్పదలచి చెప్పలేకపోయిన వాటిని టోల్కీన్ చెప్పాలని అందులో కోరాడు. స్మిత్ కవితలను టోల్కీన్ 1918లో ఒక సంపుటిగా వెలువరించాడు. నలుగురిలో నౌకాదళంలో చేరిన వైజ్‌మన్, టోల్కీన్ మాత్రమే మిగిలారు.

అనారోగ్యం నుండి కోలుకుంటున్న కాలంలోనే ఈయన గోండోలిన్ నగర పతనం అనే కథ రాశాడు. శత్రువులు అగ్నియంత్రాలతో ఒక సుందర నగరాన్ని నాశనం చేయడం దీని ఇతివృత్తం. తరువాత విస్తరించిన ఆయన పురాణగాథలకు ఇది తొలి మెట్టు.

ఆచార్య పదవి, బేవుల్ఫ్ పరిశోధన

యుద్ధానంతరం ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు కార్యాలయంలో పనిచేశాడు. 1920లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో చేరి, ఇ.వి. గోర్డన్‌తో కలిసి సర్ గవైన్ అండ్ ది గ్రీన్ నైట్ అనే మధ్యయుగ కావ్యాన్ని పరిష్కరించి 1925లో ప్రకటించాడు. అదే ఏడు ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-శాక్సన్ ఆచార్యుడయ్యాడు. 1945 నుండి 1959లో పదవీ విరమణ వరకు మెర్టన్ ఆచార్య పీఠంలో ఉన్నాడు.

బేవుల్ఫ్ 3,182 పంక్తుల కావ్యం. ఒకే ఒక రాతప్రతిలో లభిస్తున్నది. బేవుల్ఫ్ అనే వీరుడు గ్రెండెల్ అనే రాక్షసుని, అతని తల్లిని వధించి, వృద్ధాప్యంలో ఒక మహాసర్పంతో పోరాడి మరణించడం ఇందులోని కథ. పూర్వ పండితులు ఎక్కువగా దీనిని చరిత్రకూ, భాషా పరిశోధనకూ ఆధారంగానే చూశారు. చారిత్రక విషయాలను పక్కకు నెట్టి రాక్షసులను కథ మధ్యలో నిలపడం కవి చేసిన లోపమని కొందరు భావించారు. 1936 నవంబరు 25న బ్రిటిష్ అకాడమీలో చేసిన ప్రసంగంలో టోల్కీన్ ఈ అభిప్రాయాన్ని ఖండించాడు. ఆయన వాదం ప్రకారం రాక్షసులే కావ్యానికి కేంద్రం. మానవుడు ఎంత పరాక్రమవంతుడైనా చివరకు ఓటమి, మృత్యువు తప్పవు. అది తెలిసీ నిలబడి పోరాడటమే కావ్య వస్తువు. ఆధారంగా కాక కావ్యంగా చదవాలన్న ఈ వాదం తరువాతి విమర్శను బాగా ప్రభావితం చేసింది. అయితే గ్రెండెల్ తల్లికి తగిన స్థానం ఇవ్వలేదని తరువాతి విమర్శకులు ఎత్తిచూపారు.

మాల్డన్ యుద్ధం - వీరత్వ విచారణ

క్రీ.శ. 991లో ఎసెక్స్ ప్రాంతంలోని మాల్డన్ వద్ద వైకింగులతో జరిగిన పోరు గురించి 325 పంక్తుల అసంపూర్ణ కావ్యం మిగిలి ఉన్నది. శత్రువులు ద్వీపంపై ఉన్నారు. ఇరుకైన దారిని కొద్దిమంది యోధులు అడ్డగించగలిగారు. కాని సేనాని బ్యోర్త్‌నోత్ శత్రువులను ఇవతలి గట్టుకు రానిచ్చి యుద్ధం చేశాడు. ఆయన మరణించగా, ఆయన అనుచరులు వెనుదిరగక పోరాడి ప్రాణాలు విడిచారు.

ఈ కథకు కొనసాగింపుగా టోల్కీన్ రాసిన పద్యనాటిక 1953లో ప్రచురితమైంది. యుద్ధం ముగిసిన రాత్రి, వీరగాథలు వల్లించే యువకుడు, యుద్ధాలు చూసిన వృద్ధ రైతు కలిసి శవాల నడుమ సేనాని దేహాన్ని వెదకుతారు. చీకటిలో భయపడిన యువకుడు శవాలను దోచుకోవడానికి వచ్చినవారిలో ఒకణ్ణి చంపివేస్తాడు. అందులో కీర్తించదగినది ఏమీ లేదని వృద్ధుడు గుర్తుచేస్తాడు. నాటికకు జతచేసిన వ్యాసంలో టోల్కీన్ ఒక స్పష్టమైన భేదం చూపాడు. ఆజ్ఞకు కట్టుబడి ప్రాణమిచ్చిన అనుచరుల ధైర్యం ఉదాత్తమైనది. తన కీర్తి కోసం వారి ప్రాణాలను పణంగా పెట్టిన నాయకుని గర్వం దోషం. కావ్యంలోని ఒఫెర్‌మోద్ అనే పదం మితిమీరిన గర్వాన్ని సూచిస్తుందని ఈయన నిర్ణయం. శత్రువులు మరో చోట దోపిడీకి పోకుండా ఉండటానికే సేనాని అలా చేశాడని వాదించిన పండితులూ ఉన్నారు.

నాజీలకు సమాధానం

1938లో ది హాబిట్ అనువాదం విషయమై ఒక జర్మన్ ప్రచురణ సంస్థ ఈయన ఆర్య సంతతివాడా అని అడిగింది. టోల్కీన్ తన ప్రచురణకర్తకు రెండు జవాబులు రాసి పంపాడు. వాటిలో ఒకదానిలో ఆర్య అనే మాట ఇండో-ఇరానియన్ భాషలకు సంబంధించినదని వివరించి, తనకు యూదు పూర్వీకులు లేకపోవడం విచారకరమని తెలిపాడు. తాను జీవితమంతా ప్రేమించిన ఉత్తరదేశపు సాహిత్య సంప్రదాయాన్ని హిట్లర్ వక్రీకరించాడని 1941లో కుమారుడు మైకేల్‌కు రాసిన లేఖలో ఆవేదన చెందాడు.

నవలలు, చివరి రోజులు

ది హాబిట్ 1937లో, ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడు సంపుటాలు 1954-55లలో వెలువడ్డాయి. రెండవ ప్రపంచ యుద్ధానికి ఈ నవల అన్యాపదేశం కాదని రచయిత స్పష్టం చేశాడు. అయితే నవలలోని శవాల చిత్తడి నేలల వర్ణనకు సొమ్ యుద్ధానంతర ఉత్తర ఫ్రాన్సు కొంత ఆధారమని ఒక లేఖలో అంగీకరించాడు.

1971లో భార్య ఎడిత్, 1973లో టోల్కీన్ మరణించారు. ఇద్దరి సమాధి ఆక్స్‌ఫర్డ్‌లోని వుల్వర్‌కోట్ శ్మశానవాటికలో ఉన్నది. కుమారుడు క్రిస్టఫర్ (1924 - 2020) తండ్రి రాతప్రతులను పరిష్కరించి ది సిల్మరిలియన్‌ను 1977లో, బేవుల్ఫ్ వచనానువాదాన్ని 2014లో ప్రచురించాడు. మాల్డన్ కావ్యానికి టోల్కీన్ చేసిన అనువాదం, ఆయన నాటికతో పాటు 2023లో వెలువడింది.