తొందరపడవద్దన్న వాగ్గేయకారుడు

1917 ఏప్రిల్ 1న న్యూయార్కులోని ఒక ఆసుపత్రిలో కన్నుమూసిన స్కాట్ జాప్లిన్ సమాధికి 57 ఏళ్ళపాటు పేరు చెక్కిన రాయి లేదు. ఆయన కట్టిన బాణీలు మాత్రం దేశదేశాల్లో తిరిగాయి. అమెరికాలో ఐస్‌క్రీం బళ్ళు కూడా వాటిని మోగిస్తూ వీధుల్లో తిరుగుతాయి. పాటకు దక్కిన గౌరవం పాట కట్టినవాడికి బతికుండగా ఎందుకు దక్కలేదన్నదే నన్ను వేధించే ప్రశ్న.

1867–68 ప్రాంతంలో టెక్సస్ రాష్ట్రం ఈశాన్య మూలన ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తండ్రి బానిసత్వం నుంచి విముక్తి పొందినవాడు. రైలు మార్గంలో కూలి చేసేవాడు. తల్లి తెల్లవారి ఇళ్ళలో పాచిపనికి వెళ్ళేది. ఆమె పని చేసుకుంటుంటే పిల్లవాడు ఆ ఇంటి పియానో మీద వేళ్ళు ఆడించేవాడు. జూలియస్ వైస్ అనే జర్మన్ మాస్టారు అది చూసి, పైసా పుచ్చుకోకుండా సంగీతం నేర్పాడు. పెద్దవాడయ్యాక శిష్యుడు ఆ గురువును మరచిపోలేదు. డబ్బు పంపుతుండేవాడని చెబుతారు.

సారా దుకాణాల్లో పియానో వాయిస్తూ ఊరూరా తిరిగి, చివరికి మిస్సోరి రాష్ట్రంలోని సెడేలియా చేరాడు. పేరు వస్తున్న రోజుల్లోనే అక్కడి నల్లవారి కాలేజీలో చేరి సంగీతం చదివాడు. 1899లో ‘మేపుల్ లీఫ్ రాగ్’ అచ్చయింది. ఆ రోజుల్లో పది ఇరవై డాలర్లు చేతిలో పెట్టి హక్కులన్నీ రాయించుకోవడం మామూలు. జాప్లిన్ అలా ఒప్పుకోలేదు. అమ్మిన ప్రతి కాపీకి ఒక సెంటు ఇచ్చేట్టు ప్రకాశకుడు జాన్ స్టార్క్‌తో ఒప్పందం రాయించుకున్నాడు. మొదటి ఏడాది పోయినవి సుమారు 400 ప్రతులు, అంటే నాలుగు డాలర్లు! తర్వాత్తర్వాత లక్షల్లో పోయి, ఆ ఒక్క సెంటే ఆయనకు ఆధారమైంది.

ఈ బాణీని ఏడాదిగా నేనూ సాధన చేస్తున్నాను. మెస్సులో బల్ల మీద కూడా వేళ్ళాడిస్తుంటానని మిత్రులు వేళాకోళం చేస్తారు. ఇందులో ఎడమ చెయ్యి మృదంగం లాంటిది. కింద ఒక మంద్రస్వరం, వెంటనే పైకి దూకి ఒక స్వరాల గుత్తి, మళ్ళీ కిందికి. అది గడియారంలా నడవాలి. కుడి చెయ్యి మాత్రం ఆ దెబ్బలకు దొరక్కుండా సందుల్లో పలకాలి. మనవాళ్ళకిదేం వింత కాదు. తాళానికి ముందో వెనకో పాట ఎత్తుకోవడాన్ని అతీతం, అనాగతం అంటాం కదా! కాకపోతే ఇక్కడ తాళం వేసే చెయ్యీ, తప్పించుకునే చెయ్యీ ఒక్క మనిషివే. అందుకే ముందు ఎడమ చెయ్యి ఒక్కదానికే తర్ఫీదు ఇచ్చాను. తర్వాత సరళీ స్వరాల్లా మొదటి కాలంలో, నాలుగేసి గతులు చొప్పున రెండు చేతులూ కలిపాను.

నెమ్మదిగా వాయించమన్నది జాప్లినే. రాగ్‌టైమ్‌ను వేగంగా వాయించవద్దని తన స్వరలిపి మీదే అచ్చు వేయించాడు. 1908లో ఆరు అభ్యాసాలతో చిన్న పాఠ్యపుస్తకం కూడా రాశాడు. సారా దుకాణాల పోటీల్లో వేగమే విద్యగా చలామణీ అయ్యేది. ఆయనకు మాత్రం ప్రతి స్వరమూ వినబడాలి. తన జాతి సంగీతం కాలక్షేపపు గోల కాదనీ, కూర్చుని వినవలసిన విద్య అనీ లోకం ఒప్పుకోవాలి. ఆయన పంతమంతా ఇదే.

ఆ పంతంతోనే ‘ట్రీమోనీషా’ అనే సంగీత నాటకం రాశాడు. చదువుకున్న ఒక నల్లపిల్ల తన వాళ్ళను మూఢనమ్మకాల నుంచి బయటికి నడిపించడమే అందులో కథ. అచ్చు వేసేవాళ్ళు దొరక్క 1911లో సొంత డబ్బుతో ప్రచురించాడు. 1915లో హార్లెమ్‌లో వాద్యబృందం లేకుండా, తనే పియానో వాయిస్తూ వినిపించాడు. ఎవరికీ పట్టలేదు. సిఫిలిస్ వ్యాధి ఆయన వేళ్ళనూ, తర్వాత మతినీ హరించింది.

1970లో జాషువా రిఫ్కిన్ అనే పియానో విద్వాంసుడు ఆ బాణీలను నింపాదిగా వాయించి రికార్డు తెచ్చాడు. 1973లో ‘ది స్టింగ్’ సినిమా 1902 నాటి ‘ఎంటర్‌టైనర్’ను ఇంటింటికీ చేర్చింది. ఈ నడుమ, 1972లో ‘ట్రీమోనీషా’ అట్లాంటాలో రంగస్థలం ఎక్కింది. 1974లో సమాధికి రాయి వచ్చింది. 1976లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు.

ఇంత సంగీతానికి మొదట పెట్టిన పెట్టుబడి ఏమిటి? పనిమనిషి కొడుకును పియానో ముట్టుకోనిచ్చిన ఒక ఇల్లు, జీతం అడగని ఒక మాస్టారు. అంతే. చదువుకుని బయటికి వెళ్ళే మనలో ప్రతివాడూ ఆ పాటి పెట్టుబడి పెట్టలేని పేదవాడు కాడు.