బిస్మార్కును అవిటి కార్మికుడును

సర్దారు పటేలును భారతదేశపు బిస్మార్కని పిలుచుట మనకు పరిపాటి. సంస్థానములను ఏకము చేసినందున ఆ పేరు వచ్చినది. అయితే జర్మనీలోని గనికూలి, మిల్లుకూలి ఆ మహామంత్రిని స్మరించుటకు వేఱొక కారణము కలదు. యంత్రమున చేయి పోగొట్టుకొన్నవాడు యాచింప నక్కఱలేకుండ, హక్కుగా భృతి పొందునట్లు శాసనము చేయించినవాడు ఆయనయే. ఆ శాసనమునకు దయ మూలము కాదు. ఆ సంగతి దాచవలసిన పనియు లేదు.

ఆటో ఫాన్ బిస్మార్కు 1815 ఏప్రిల్ 1వ తేదీన షోన్‌హౌసెను గ్రామమున భూస్వామి కుటుంబమందు జన్మించెను. న్యాయశాస్త్రము చదివి, కొలదికాలము సర్కారు కొలువు చేసి, విసిగి, పొమెరేనియాలోని తమ భూములకు మరలి వ్యవసాయము చూచుకొనెను. 1862లో ప్రష్యాకు ప్రధానమంత్రి యయ్యెను. డెన్మార్కు, ఆస్ట్రియా, ఫ్రాన్సులతో వరుసగా యుద్ధములు జరిగినవి. 1871లో జర్మను సామ్రాజ్యము వెలసినది. ఇవి పాఠకు లెఱిగినవే.

ఆ యేటనే యజమాని బాధ్యతను గూర్చి యొక చట్టము వచ్చినది. రైలుమార్గములపై దెబ్బతిన్నవానికి దానివలన కొంత మేలు కలిగెను. గనులలో, ఫ్యాక్టరీలలో మాత్రము తప్పు యజమానిదని కార్మికుడే రుజువు చేయవలసి యుండెను. చేయి తెగి మంచము పట్టినవాడు వకీలును పెట్టి, తనకు కూడు పెట్టిన మిల్లుదారుపై వ్యాజ్యము నడుపుటెట్లు? ఆ మిల్లులోనే పనిచేయువాడు సాక్ష్యము చెప్పుటెట్లు?

1878లో బిస్మార్కు సోషలిస్టుల సభలను, పత్రికలను నిషేధించెను. దండోపాయము చాలదని తోచినంతనే దానోపాయమునకు దిగెను. రాజ్యము చేతినుండి పింఛను పుచ్చుకొన్నవాడు రాజ్యమునకు ఎదురు తిరుగడని ఆయన లెక్క. 1881లో తెచ్చిన ప్రమాదభీమా బిల్లునుండి, రాజ్యమే కొంత సొమ్ము భరించునను అంశమును శాసనసభ తీసివేసెను. 1882 నాటి బిల్లు సాగలేదు. మూడవ బిల్లు 1884 జులై 6వ తేదీన శాసనమయ్యెను. తప్పెవరిదను ప్రశ్న ఇక లేదు. మొదటి 13 వారములు రోగభీమా నిధి ఆదుకొనును. పిదప పూర్తిగా అశక్తుడైనవానికి కూలిలో మూడింట రెండుపాళ్లు, మృతుని భార్యకు ఐదవపాలు ముట్టును. ఈ సొమ్మంతయు వృత్తులవారీగా ఏర్పడిన యజమానుల సంఘములే చెల్లించవలెను. 1886లో వ్యవసాయ కూలీలకును ఈ రక్షణ లభించినది. భూస్వామి చేయించిన చట్టము భూస్వాముల గడపకును వచ్చినదన్నమాట.

ఇంతమాత్రమున ఆయనను కార్మిక బంధువని పొగడుట సరికాదు. వార్జిను జమీనులో ఆయనకు కాగితపు మిల్లులుండెను. ఫ్యాక్టరీ తనిఖీ అధికారులన్నను, పనిగంటల పరిమితి యన్నను ఆయనకు సరిపడదు. చట్టముల రచనలో కుడిభుజముగా నున్న థియొడోరు లోమాను 1883లో ఆయనతో విభేదించి తొలగిపోయెను. తెగిన చేతికి వెల కట్టుటకు ఒప్పుకొన్న మంత్రి, చేయి తెగకుండ చూచు అధికారిని మిల్లులోనికి రానిచ్చుటకు ఒప్పుకొనలేదు!

చట్టమందును ఒక వెలితి యుండెను. అది అవిటివానికి అన్నము పెట్టినది గాని పని చూపలేదు. ముప్పదేండ్ల వయసున కాలు పోయినవాడు శేషజీవితమంతయు పింఛనుపై కూర్చుండవలసినదే. అయితే ఆ పింఛను భారమే యజమానుల సంఘములకు కన్ను తెఱపించెను. చికిత్స బాగుగా చేయించి, మరల పనికి తెచ్చినచో తమకే లాభమని వారు గ్రహించిరి. గనియజమానుల సంఘము 1890లో బోఖుము పట్టణమున, ప్రమాదములకు గురియైన గనికార్మికుల కొఱకు ప్రత్యేక వైద్యశాల నెలకొల్పెను. 1925 నాటి చట్టము మఱియొక అడుగు ముందుకు వేసి, పాతపని చేయలేనివానికి క్రొత్త వృత్తి నేర్పించు బాధ్యతను ఆ సంఘములపై నుంచెను.

మన దేశమున 1923 నాటి నష్టపరిహార చట్టము వ్రేలికింత, కంటికింత యని పట్టిక వేసి ఒక్క మొత్తముగా సొమ్మిప్పించెను. అట్టి సొమ్ము అప్పులకో, ఆడుబిడ్డ పెండ్లికో చెల్లిపోవుట మన పల్లెలలో ఎవరెఱుగరు? 1948 నాటి ఉద్యోగుల రాజ్యభీమా చట్టము గాయపడినవారిని తిరిగి పనికి నిలుపు ఏర్పాట్లను పేర్కొన్నది. కాని సంస్థ వానిని చేయవచ్చునని యన్నదే గాని చేయవలెనని యనలేదు. ఆ ఒక్క క్రియాపదముపై ఎందఱి బ్రతుకులో ఆధారపడినవి.

బిస్మార్కు బోఖుము వైద్యశాల ఫలితమును గాని, 1925 చట్టమును గాని చూచి యానందించు స్థితిలో లేడు. 1890 మార్చిలోనే యువచక్రవర్తి ఆయనను పదవినుండి తొలగించెను. ఫ్రీడ్రిక్స్‌రూ గ్రామమున ఎనిమిదేండ్లు కోపముతోనే గడపి, 1898 జులై 30వ తేదీన కన్నుమూసెను. మొదటి విలియము చక్రవర్తికి విశ్వాసముగల సేవకుడను మాటనే సమాధిపై చెక్కించుకొనెను. అందు భీమా శాసనముల ప్రసక్తి లేదు.