దుగ్గిరాల గోపాలకృష్ణయ్య
ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (జూన్ 2, 1889 - జూన్ 10, 1928) స్వాతంత్ర్య సమరయోధుడు, చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించాడు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివాడు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు (1917).

1919లో ప్రభుత్వం చీరాల, పేరాలలను పురపాలక సంఘంగా మార్చింది. యుద్ధానంతర ధరలతో నలుగుతున్న ఆ నేతగాళ్ళ ఊళ్ళపై పన్ను 4 వేల రూపాయల నుండి 40 వేలకు పెరిగింది. అదే రూపాయి చెల్లే బర్మాకు తీరాంధ్ర కూలీలు ఓడలెక్కుతున్న కాలమది. చీరాలవారు అంత దూరం పోలేదు. 1921లో గాంధీజీ సూచించిన మార్గంలో, గోపాలకృష్ణయ్య వెంట పురపాలక హద్దు దాటి రామనగర్ అనే పాకల ఊరు కట్టుకున్నారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా కదిలారు. మగ్గం మారలేదు, నాణెం మారలేదు. పన్ను వేసే హద్దు మాత్రమే మారింది. ఎండావానల్లో 11 నెలలు అలాగే గడిపారు. ఆయన ఏర్పరచిన రామదండు వారికి అండగా నిలిచింది.

ఇంతలో బరంపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించి ప్రసంగించినందుకు ఆయనకు ఏడాది జైలుశిక్ష పడింది. నాయకుడు తిరుచిరాపల్లి జైలులో ఉండగా జనం పాత ఇళ్ళకు మళ్ళారు. పేదరికంలో, క్షయవ్యాధితో ఆయన 39 ఏళ్ళకే మరణించాడు.