కాషాయం ధరించిన అణుశాస్త్రవేత్త స్వామి జ్ఞానానంద

పరమాణు కేంద్రకం నుంచి వెలువడే కణాన్ని కంటితో చూడలేము. అది ఉన్నదని చెప్పాలన్నా, దాని శక్తి ఎంతో కొలవాలన్నా పరికరమే ఆధారం. అటువంటి పరికరాలను ఆశ్రయించి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర పరిశోధనకు పునాది వేసిన వ్యక్తి ఒక సన్యాసి. ఆయనే స్వామి జ్ఞానానంద.

ఆయన పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం సమీపాన ఉన్న గొరగనమూడి గ్రామంలో 1896 డిసెంబరు 5న జన్మించారు. తండ్రి శాస్త్ర గ్రంథాలపై మక్కువ ఉన్నవారు కావడంతో ఇంటి వాతావరణమే చిన్ననాట ఆయనను వేదాంత చింతన వైపు నడిపింది. యౌవనంలోనే గౌతమ బుద్ధుని జీవితం ఆయనను గాఢంగా ఆకర్షించింది. ఇల్లు విడిచి లుంబిని చేరుకున్నారు. ఆపై హిమాలయ ప్రాంతంలో కొన్నేళ్లపాటు యోగసాధన చేశారు.

యోగ గ్రంథంతో జర్మనీకి

తన సాధనానుభవాల సారాన్ని ‘పూర్ణ సూత్రములు’గా రచించిన స్వామి, ఆ గ్రంథ ముద్రణ నిమిత్తం 1927లో జర్మనీ వెళ్లారు. ఐరోపా భౌతిక శాస్త్రం అప్పుడు పెనుమార్పుల నడుమ ఉంది. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం స్థలకాలాల భావననే మార్చివేసింది. దాన్ని పైపైన తెలుసుకొని ఊరుకోవడం స్వామికి తృప్తినివ్వలేదు. ముప్ఫై ఏళ్లు దాటిన వయసులో డ్రెస్డెన్‌లో గణితం, భౌతిక శాస్త్రం చదవడం ఆరంభించారు. సన్యాసాన్ని మాత్రం వదలలేదు.

అక్కడి నుంచి ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయానికి చేరి, ఆచార్య వాత్స్లవ్ దొలెయ్‌షెక్ వద్ద ఎక్స్ కిరణ వర్ణపట శాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. దీర్ఘతరంగ ఎక్స్ కిరణాలను గాలి పీల్చుకుంటుంది. అందుచేత వాటిని కొలిచే సాధనంలో గాలి లేకుండా చేయడం ఈ రంగంలో తొలి అవసరం. శూన్యాన్ని సృష్టించడం, దాన్ని నిలపడం, కొలవడం అనే విద్య స్వామి తదుపరి కృషి అంతటికీ మూలాధారమైంది. ఆయనకు ఆశ్రయమిచ్చిన దొలెయ్‌షెక్ 1945లో నాజీల తెరెజిన్ నిర్బంధ శిబిరంలో మరణించారు.

బీటా కణాల వెంట

ప్రాగ్ తరువాత స్వామి ఇంగ్లండులోని లివర్‌పూల్ చేరారు. న్యూట్రాన్‌ను కనుగొన్నందుకు 1935లో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ చాడ్విక్ అప్పుడు అక్కడి ఆచార్యులు. కేంద్రకం విఘటనం చెందినప్పుడు వెలువడే బీటా కణాలు, అంటే ఎలక్ట్రాన్లు, ఒకే శక్తితో కాక రకరకాల శక్తులతో బయటపడతాయని 1914లో వెల్లడించినది కూడా చాడ్వికే. లోపించినట్లు కనిపించే శక్తి ఎటు పోతున్నదన్న ప్రశ్నకు జవాబుగానే 1930లో పౌలీ న్యూట్రినోను ప్రతిపాదించారు. బీటా వర్ణపటాన్ని నిర్దుష్టంగా కొలవడం ఆ కాలపు భౌతిక శాస్త్రానికి అంత ముఖ్యమైన పని.

స్వామి ఆ పనినే ఎంచుకున్నారు. బీటా వర్ణపటమాపకంలో ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో వంపు తిరుగుతాయి. ద్రవ్యవేగం ఎక్కువైన కణం పెద్ద వృత్తంలోనూ, తక్కువైనది చిన్న వృత్తంలోనూ పయనిస్తుంది. వాటిని వేరుచేసి చివర ఒక గణకంతో లెక్కిస్తారు. దారిలో గాలి అణువులు తగిలితే ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోతుంది, కొలత తప్పుతుంది. ప్రాగ్‌లో నేర్చిన శూన్య విద్య ఇక్కడా అక్కరకు వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్వామి అమెరికా వెళ్లి మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపులపై పరిశోధన కొనసాగించారు. ‘హై వాక్యువా’ అనే ఆయన ఆంగ్ల గ్రంథం 1947లో వెలువడింది. అధిక శూన్యపు సూత్రాలను, ఉత్పత్తిని, కొలతను ఒకచోట వివరించిన గ్రంథమది.

విశాఖలో ప్రయోగశాల

స్వాతంత్ర్యం వచ్చిన ఆ ఏడాదే భారతదేశానికి తిరిగి వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. నాటి ఉపకులపతి వి.ఎస్. కృష్ణ. దేశంలో అణుభౌతిక పరిశోధన అప్పటికి ప్రధానంగా బొంబాయి, కలకత్తాల్లోని సంస్థలకే పరిమితమై ఉంది. తీరాంధ్ర విద్యార్థి ఈ శాస్త్రంలో ప్రయోగం చేయాలంటే దూరం వెళ్లక తప్పేది కాదు.

ఆరు పదుల వయసుకు చేరువవుతూ స్వామి ఈ లోటును పూరించే భారం తలకెత్తుకున్నారు. ప్రత్యేక అణుభౌతిక విభాగాన్నీ, పరిశోధనశాలలనూ నెలకొల్పారు. అప్పటికే ఉన్న గదిలో కూర్చుని పాఠం చెప్పడం కాదది. మూలాన్ని పెట్టే చోటు నుంచి కణాన్ని లెక్కించే గణకం వరకు అన్నీ సమకూర్చి, వాటిని నమ్మదగిన స్థితిలో ఉంచగల యువకులను తయారుచేయడం. కేంద్రక వర్ణపట శాస్త్రంలో విశాఖ గుర్తింపు పొందడానికి ఈ పునాదే కారణమైంది.

1965లో పదవీ విరమణ చేసిన స్వామి 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. ఆయన స్థాపించిన పరిశోధనశాలలకు విశ్వవిద్యాలయం ఆయన పేరే పెట్టింది. యోగికీ శాస్త్రజ్ఞుడికీ నడుమ ఆయన ఒకదాన్ని విడిచి మరొకదాన్ని ఎంచుకోలేదు. అయితే ధ్యానంలో దొరికినదాన్ని ప్రయోగ ఫలితంగా చూపనూ లేదు. ప్రయోగశాలలో ప్రమాణం కొలతే అని పాటించి, తన తరువాతి వారికి కొలిచే సాధనాలను మిగిల్చి వెళ్లారు.