విలియం ఫెల్ప్స్ ఈనో

విలియం ఫెల్ప్స్ ఈనో (జూన్ 3, 1858 - డిసెంబరు 3, 1945) అమెరికా దేశానికి చెందిన రహదారి నియమాల రూపకర్త. రోడ్డు కూడళ్ళలో వాహనాలు ఏ వరుసలో, ఏ దిశలో సాగాలో తెలిపే నియమాలను ఒక క్రమపద్ధతిలో రాసిన తొలితరం వారిలో ఈయన ముఖ్యుడు. న్యూయార్క్ నగరం 1903లో అమలుపరచిన వాహన నియమావళి ఈయన రచనయే. ఈయనను రహదారి భద్రతా పితామహుడని పిలుస్తారు. ఇతరులకు నియమాలు రాసిన ఈనో తాను మాత్రం కారు నడపడం ఎన్నడూ నేర్చుకోలేదని ప్రసిద్ధి.

బాల్యము, విద్య

ఈనో న్యూయార్క్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఏమస్ రిచర్డ్స్ ఈనో స్థలాలు, భవనాల వ్యాపారంలో పేరు పొందినవాడు. ఆ నగరంలోని ఫిఫ్త్ ఎవెన్యూ హోటలును కట్టించినది ఆయనే. 1867లో, తొమ్మిదేళ్ళ వయసులో, ఈనో తల్లితో కలిసి బండిలో వెళ్తూ దారిలో చిక్కుకుపోయాడు. అక్కడ ఉన్నవి సుమారు పన్నెండు గుర్రపు బండ్లు మాత్రమే. అయినా ఎవరు ఆగాలో, ఎవరు కదలాలో ఏ బండివానికీ తెలియలేదు. ఈ సంఘటన ఈనో మనసులో చెరగని ముద్ర వేసింది. రద్దీకి కారణం బండ్ల సంఖ్య కాదని, నియమం లేకపోవడమేనని ఆయన తరువాతి కాలంలో గ్రహించాడు.

ఈనో యేల్ విశ్వవిద్యాలయంలో 1882లో పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం కుటుంబ వ్యాపారం చూసుకున్నాడు. 1898లో తండ్రి మరణించిన తరువాత క్రమంగా వ్యాపారం విడిచి, రహదారుల సమస్యకే తన కాలాన్నీ ధనాన్నీ వెచ్చించాడు.

1903 నాటి నియమావళి

1900లో ఈనో ఒక పత్రికలో వీధి రాకపోకల సంస్కరణ అవసరాన్ని వివరిస్తూ వ్యాసం రాశాడు. అప్పటికి న్యూయార్క్ వీధులలో గుర్రపు బండ్లు, ట్రాములు, సైకిళ్ళు, కొత్తగా వచ్చిన మోటారు కార్లు కలిసి తిరిగేవి. ఈనో రూపొందించిన నియమాలను నగర పోలీసు శాఖ 1903లో స్వీకరించింది. వాటిని ఆయన తన సొంత ఖర్చుతో అచ్చు వేయించి బండ్లు నడిపేవారికి పంచిపెట్టాడు. చదివి తెలుసుకోని నియమం ఉన్నా లేనట్లేనని ఆయన విశ్వాసం.

ఆ కాలపు న్యూయార్క్ నియమాలలో ముఖ్యమైనవి:

- నెమ్మదిగా వెళ్ళే బండి రోడ్డు అంచున సాగాలి.
- మలుపు తిరిగేముందు, ఆగేముందు చేతితో గాని కొరడాతో గాని వెనుకవారికి సైగ చేయాలి.
- ఎడమకు తిరిగే బండి కూడలి మధ్య భాగాన్ని చుట్టి తిరగాలి. (అమెరికాలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి.)
- అగ్నిమాపక యంత్రాలకు, అంబులెన్సులకు అందరూ దారి ఇవ్వాలి.
- కూడలిలో ఉత్తర దక్షిణాలుగా వెళ్ళే బండ్లకు తూర్పు పడమరలుగా వెళ్ళే బండ్లు దారి ఇవ్వాలి.

ఈ చివరి నియమం గమనింపదగినది. బండి ఎవరిది, ఎంత పెద్దది అనే దానితో నిమిత్తం లేకుండా, వచ్చిన దిశను బట్టి వంతు నిర్ణయమయింది.

వలయ కూడళ్ళు

కూడలి మధ్యలో ఒక వలయం ఉంచి, వాహనాలన్నీ దాని చుట్టూ ఒకే దిశలో తిరిగితే ఎదురెదురు ఢీకొనడం తప్పుతుందని ఈనో భావించాడు. 1905లో న్యూయార్క్‌లోని కొలంబస్ సర్కిల్‌లో ఈ పద్ధతి అమలయింది. 1907లో పారిస్‌లోని ఎత్వాల్ కూడలిలో కూడా ఏకదిశా పద్ధతి వచ్చింది. ఫ్రాన్స్‌లో యూజీన్ ఎనార్ అనే వాస్తుశిల్పి ఇంచుమించు అదే కాలంలో ఇటువంటి ఆలోచననే ప్రతిపాదించాడు. కనుక ఈ ఘనత ఒక్క ఈనోకే చెందుతుందనడం సరికాదు.

వలయంలో ఒక చిక్కు మిగిలిపోయింది. అందరూ ఒకే దిశలో తిరగాలన్నది తేలింది గాని, లోపల ఉన్నవాడు ఆగాలా, కొత్తగా వచ్చేవాడు ఆగాలా అన్నది తేలలేదు. కుడివైపు నడిచే దేశాలలో కుడినుండి వచ్చేవారికి దారి ఇవ్వాలనే నియమం పాటిస్తే, వలయంలో ఉన్నవారు కొత్తగా వచ్చేవారి కోసం ఆగవలసి వస్తుంది. వాహనాలు పెరిగేసరికి వలయం నిండి, బయటికి పోయే దారి కూడా మూసుకుపోయేది. బ్రిటన్ 1966లో లోపల ఉన్న వాహనానికే ముందుగా వెళ్ళే హక్కు ఇచ్చింది. దానితో వలయ కూడళ్ళు మళ్ళీ ఉపయోగపడ్డాయి. అప్పటికి ఈనో మరణించి ఇరవై ఏళ్ళు దాటింది.

భారతదేశంలో

భారతదేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి. సిగ్నలు గాని పోలీసు గాని లేని కూడలిలో కుడివైపు నుండి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలి. పక్క రోడ్డు నుండి వచ్చేవారు ప్రధాన రహదారి మీద ఉన్నవారికి దారి ఇవ్వాలి. 1989 నాటి రహదారి నియమాలు ఈ విధంగా నిర్దేశించాయి. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. వలయంలో తిరుగుతున్న వాహనం మనకు కుడివైపు నుండే వస్తుంది కనుక, కుడివైపు నియమం పాటిస్తే వలయం దానంతట అదే సాగుతుంది.

ఉదాహరణకు మహబూబాబాద్ జిల్లాలోని మరిపెడ వరంగల్ - ఖమ్మం రహదారిపై ఉంది. ఇటువంటి ఊళ్ళలో పక్క రోడ్డు నుండి వచ్చేది లారీ అయినా, ట్రాక్టరు అయినా, ఆటో అయినా ముందు ఆగి, ప్రధాన రహదారి మీది వాహనాలు పోయిన తరువాతనే లోనికి రావాలి. పెద్ద బండికి చిన్న బండి భయపడి ఆగడం అలవాటే గాని నియమం కాదు.

చివరి రోజులు

ఈనో 1909లో వీధి రాకపోకల నియంత్రణపై ఒక గ్రంథం ప్రచురించాడు. 1921లో తన పేరిట ఒక సంస్థను స్థాపించాడు. అది నేడు ఈనో రవాణా కేంద్రం అనే పేరుతో వాషింగ్టన్‌లో పనిచేస్తున్నది. ఏకదిశా వీధులు, పాదచారులు దాటే చోట్లు, రోడ్డు మధ్య రక్షణ దిమ్మెలు, టాక్సీ స్టాండ్లు, స్టాప్ గుర్తులు మొదలైన వాటి వ్యాప్తికి ఈయన కృషి తోడ్పడిందని చెప్తారు. 1945 డిసెంబరు 3న, 87 ఏళ్ళ వయసులో ఈనో మరణించాడు. తొమ్మిదేళ్ళ బాలుడిగా ఆయన చూసిన చిక్కు, వంతు తెలియని ప్రతి చౌరస్తాలోనూ నేటికీ కనిపిస్తుంది.